తాళంచెవి అక్క దగ్గర ఉండేది

పోయిన మాఘమాసంలో తిరుపతిలో మా బంధువుల ఇంట్లో గృహప్రవేశం జరిగింది. భోజనాలయ్యాక మేడ మీద షామియానా కింద ఒక పదిమందిమి కూర్చున్నాం. అందరం యాభై దాటినవాళ్లమే. పాకాల, దామలచెరువు చుట్టుపక్కల పల్లెల్లో పంచాయతీ సమితి బడుల్లో అక్షరాలు దిద్దుకుని, తర్వాత ఏదో ఒక ఉద్యోగం పట్టుకుని తిరుపతిలో స్థిరపడినవాళ్లం. మాటల్లో మనవళ్ల ఫీజుల సంగతి వచ్చింది. ఎల్‌కేజీకి కట్టే డబ్బు గురించి ఒకాయన గుండెలు బాదుకున్నాడు. ఇంకొకాయన అందుకుని, "మనకేముండేదప్పా? ఒకే గది, ఒకే అయివారు, ఐదు తరగతులు. అయినా మనం బాగుపడలేదా?" అన్నాడు.

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

తాంబూలాల పళ్లెం తీసుకుని మెట్లెక్కి వస్తున్న మా అక్క, అంటే మా పెదనాన్న కూతురు, ఆ మాట విన్నట్టుంది. "ఒగే అయివోరా? అయివోరు వచ్చేది రైలు వచ్చినాక గదరా. అంతదాకా బడి తెరిసింది యెవురు? తాళంచెవి యెవురి దెగ్గిర ఉండె?" అంది. అందరూ నవ్వారు. అక్కా నవ్వింది. మాట పక్కకుపోయింది.

ఇంటికొచ్చాక లెక్క వేసుకుంటే అక్క చెప్పింది నిజమే. మా బడిలో ఉన్నది ఇద్దరు టీచర్లు. ఒకరికే జీతం.

మా ఊరు కొండ కింద, మామిడితోపుల మధ్య ఉంటుంది. అప్పట్లో డెబ్బై ఇళ్లు. చెరువుకట్టకు పోయే దోవలో బడి. రాతి గోడలు, పైన పెంకులు, ముందు ఒక వసారా, వసారా ముందు కానగచెట్టు. లోపల ఒకటే గది. గోడకు ఒక నల్లబోర్డు, మూడుకాళ్ల స్టాండు మీద ఇంకొకటి. రెండు, మూడు తరగతులు గోడబోర్డు వైపు, నాలుగు, ఐదు తరగతులు స్టాండు వైపు, ఒకరికొకరు వీపులు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఒకటో తరగతికి బోర్డూ లేదు, గోడా లేదు. మా చోటు వసారా. మొత్తం నలభై, నలభై ఐదు మంది. నేను 1981 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాను. అక్కప్పుడు మూడో తరగతి.

అయివారు తిరుపతిలో ఉండేవారు. తిరుపతి నుంచి కాట్పాడి పోయే లైను అప్పట్లో మీటర్ గేజి. పొద్దుటి ప్యాసింజరులో పాకాలలో దిగి, స్టేషను బయట సోడాల కొట్టు దగ్గర పెట్టుకున్న సైకిలు తీసుకుని మా ఊరికి వచ్చేవారు. బండి సరిగ్గా వస్తే తొమ్మిదిన్నరకు ఆయన సైకిలు గంట వినిపించేది. బండి లేటయితే బడి లేటు. వర్షాకాలంలో పదిన్నర, పదకొండు కూడా అయ్యేది. ఆయన్ని తప్పు పట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఆయన మంచి మనిషి, చెయ్యి చేసుకోవడం కూడా తక్కువ. ఆయన ముందర నలభై మంది పిల్లలు, ఐదు తరగతులు. రోజుకున్నవి మాత్రం అందరికీ ఉన్నన్ని గంటలే.

బండి వచ్చేదాకా బడి అక్కది. తాళంచెవి వాళ్లింట్లో దేవుడి గూట్లో ఉండేది. ఎనిమిదింటికే వచ్చి తలుపు తీసి, గది ఊడ్చి, వసారాలో నీళ్లు చల్లి, కుండలో నీళ్లు నింపేది. కానగచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్కను బోల్టుతో కొట్టేది. ప్రార్థన చేయించేది. పిల్లల్ని తరగతుల వారీగా లెక్కపెట్టి, తన పలక మీద ఐదు అంకెలు రాసి కుర్చీ మీద పెట్టేది. అయివారు వచ్చి ఆ అంకెలు చూసి రిజిస్టర్ నింపేవారు. ఇదంతా చేసినామెకు తొమ్మిదేళ్లు నిండలేదు.

తర్వాత మా పని పట్టేది. వంకలోనుంచి గంపతో తెచ్చి వసారాలో పోసిన ఇసుక ఉండేది. అందులో మా చూపుడువేలు పట్టుకుని దిద్దించేది. ఆమె చెయ్యి నాకింకా గుర్తుంది. పలకకు మెరుపు రావాలని దొండాకూ బొగ్గూ కలిపి రుద్దీ రుద్దీ గోళ్ల సందుల్లో పచ్చగా, నల్లగా ఉండేది. 'అ' రాయించేటప్పుడు మధ్యలో ఆపనిచ్చేది కాదు. "ఎత్తొద్దు, ఎత్తొద్దు, ఎత్తితే మళ్లీ మొదట్నించి" అనేది. "క కు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి" అని రాగం తీసేది. మేం కేకలు పెట్టేవాళ్లం. నాకు ఇవాళ తెలుగు నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా రాయడం వచ్చిందంటే అది ఆ ఇసుకలోదే. అయివారు మాకు ఒకటో తరగతిలో ఏం చెప్పారంటే గుర్తు రావడం లేదు.

ఒకే గది బడిని మెచ్చుకునేవాళ్లు ఒక మాట చెబుతారు, అందులో అబద్ధం లేదు. పక్క తరగతి పాఠం చెవిన పడుతుంది. నేను రెండో తరగతిలో ఉండగానే పదమూడో ఎక్కం నోటికొచ్చింది, ఎవరూ నేర్పకుండానే. మూడో తరగతిలో క.సా.గు., గ.సా.భా. అనే మాటలు వీపు వెనకనుంచి రోజూ వినపడేవి. అర్థం తెలియదు గానీ, తీరా ఐదో తరగతిలో అవి ఎదురైతే ఎరిగినవాళ్లు కనిపించినట్టు అనిపించింది. ఇప్పుడు తరగతికొక గది ఉన్న పిల్లలకు ఈ లాభం లేదు. ఇంతవరకు నాకూ ఒప్పుదలే.

కానీ విని నేర్చుకునే చదువు కిందికే పారుతుంది. ఒకటో తరగతి వాడికి రెండు వినపడుతుంది, మూడు వినపడుతుంది. ఐదో తరగతిలో ఉన్నవాళ్లకు ఏం వినపడుతుంది? వాళ్ల పైన ఎవరూ లేరు. పైగా కింది పిల్లలు గోల చేస్తే లేచి పోవలసింది వాళ్లే. ఆ లేచి పోయేది కూడా మగపిల్లలు కాదు. మగపిల్లలకు వేరే పనులుండేవి. అయివారి సైకిలు తుడవడం, అంగడికి పోయి టీ తేవడం, తోపులో మామిడికాయలు రాల్చడం (ఇది అయివారు చెప్పిన పని కాదు). చిన్నపిల్లల్ని చూసుకోవడం ఆడపిల్లల వంతు. ఇంట్లో ఎట్లా వంతు వేసేవాళ్లో బడిలోనూ అట్లాగే.

1983 జనవరిలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. 1984 డిసెంబర్‌లో లోక్‌సభకు, 1985 మార్చిలో మళ్లీ అసెంబ్లీకి. రెండేళ్ల పైచిలుకులో మూడు ఎన్నికలు. ప్రతిసారీ అయివారికి ట్రైనింగులు, డ్యూటీలు. ఆయన పోయిన రోజుల్లో బడి మూతపడలేదు. మొదటిసారి అక్క నాలుగో తరగతి. రెండోసారి, మూడోసారి ఆమె అసలు బడిలోనే లేదు, ఐదు అయిపోయి ఇంట్లో ఉంది. అయినా అయివారు కబురు పెడితే వచ్చి తలుపు తీసింది.

ఐదు తర్వాత ఆమె చదువు ఎందుకు ఆగిందంటే, అప్పట్లో హైస్కూలు నాలుగున్నర కిలోమీటర్లు. ఊళ్లోనుంచి తోడుగా పోయే ఆడపిల్ల ఇంకొకరు లేరు. ఆ ఏడే పెద్దమనిషి అయింది. మా పెదనాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "చాల్లే" అన్నాడంతే.

చాలా ఏళ్ల తర్వాత నేను బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేస్తున్నప్పుడు అక్క తన డ్వాక్రా సంఘం పుస్తకం తీసుకుని మా ఇంటికి వచ్చింది. అప్పుడామె సంఘం లీడరు. పన్నెండుమంది సభ్యులు, ఒక లోను, ఇద్దరు మధ్యలో కొంత కొంత కట్టేశారు. వడ్డీ పంచడం కుదరడం లేదంది. పుస్తకం తెరిచి చూశాను. అంత చక్కటి చేతిరాత నేను బ్యాంకులో ఎవరి దగ్గరా చూడలేదు. గుండ్రంగా, తలకట్లు తీర్చి, వాచకంలో అచ్చు వేసినట్టు ఉంది. కానీ ఒక వరుసలో, అంకె ఉండాల్సిన చోట, 'ముప్పాతిక' అని అక్షరాల్లో రాసి ఉంది. ఇంకో వరుసలో 'అరపావు'. వాటిని కూడటం ఎట్లాగో తెలియక ఆ పేజీ దగ్గర ఆగిపోయింది.

నేను పక్కన మూడు బై నాలుగు అని వేసి చూపించబోయాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"బిన్నాలు చెప్పే నాడు అయివోరు నన్ను వసారాలోకి పొమ్మనె. చిన్నోళ్లు గోల జేస్తా ఉండారు, పోయి చూడు అన్నె. అ ఆ లు నేను ఆరు సార్లు సదివినానురా. బిన్నాలు ఒక్కసారి గూడా సదవలే."

ఆరు ఎట్లా అంటే, తన ఒకటో తరగతి ఒకటి, తర్వాత నాలుగేళ్లు మా లాంటివాళ్లకు చెప్పినవి, బడి మానేశాక వచ్చి చెప్పిన ఇంకో ఏడాది. ఆ వసారాలో గోల చేసినవాళ్లలో నేనూ ఉండే ఉంటాను. మా నోరు మూయించడానికే ఆమె పాఠం వదిలేసి లేచి వచ్చింది. 'మనం బాగుపడలేదా' అనే మాటకు అప్పటినుంచి నా దగ్గర జవాబుంది. బాగుపడ్డాం, ఆమె లెక్కలో.

పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించడం మా అయివారు కనిపెట్టింది కాదు. మన అరుగు బడుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. 1822లో మద్రాసు గవర్నరు మన్రో తన ఇలాకాలో ఎన్ని బళ్లున్నాయో లెక్క తీయించాడు. 12,498 అని తేలింది. తిరుమలలో నైవేద్యానికి గంగాళం సమర్పించాడని మనం చెప్పుకునే మన్రోయే. వాటిలో ఎక్కువ భాగం ఎవరింటి అరుగు మీదో, గుడి మండపంలోనో ఒక అయ్యవారు నడిపినవే. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు ఎగ్మూరులో సోల్జర్ల అనాథపిల్లల ఆశ్రమం నడిపాడు. ఒకనాడు వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, అట్లాగే తన ఆశ్రమంలోనూ చేయించాలనుకున్నాడు. అక్కడి టీచర్లు ససేమిరా అన్నారు. అప్పుడాయన ఎనిమిదేళ్ల పిల్లవాడిని పిలిచి, నువ్వు చెప్పు అని చిన్నపిల్లల తరగతి అప్పగించాడు. అది బాగా నడిచింది. 1797లో ఇంగ్లండులో పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చి, ఇంగ్లండంతా పాకింది. ఎందుకు పాకిందంటే, చవక. వందలమంది పిల్లలకు ఒక్క జీతగాడు చాలు.

ఇది చదివినప్పుడు మొదట నాకు గర్వంగానే అనిపించింది, మన ఇసుక చదువు ఇంగ్లండుకు పోయిందని. తర్వాత ఆ ఎనిమిదేళ్ల పిల్లవాడు మా అక్క లాగా కనిపించడం మొదలుపెట్టాడు. పద్ధతికి మద్రాసు పేరొచ్చింది, పుస్తకానికి బెల్ పేరొచ్చింది. ఆ పిల్లవాడు ఆ ఏడు తన పాఠం ఎంతవరకు చదివాడు?

మా బడి గురించి చెప్పుకునేటప్పుడు దాటేసే సంగతి ఇంకొకటుంది. నీళ్ల కుండ. ఎస్సీ కాలనీ పిల్లలు కుండ ముట్టకూడదు. ఎవరైనా ముంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఎవరూ రూలు పెట్టలేదు, గోడ మీద రాసీ లేదు. అందరికీ తెలుసు, అంతే. అక్కే ముంచి పోసేది. ఆమె మా తరగతి పిల్లల దగ్గర ఉంటే వాళ్లు వసారా గుంజ పక్కన నిలబడి ఎదురుచూసేవాళ్లు. ఒకే గదిలో అందరం కలిసి పెరిగామని చెప్పే నా స్నేహితులు ఆ గుంజ పక్కన ఎవరు నిలబడేవాళ్లో చెప్పరు. నేనూ ఇన్నేళ్లు చెప్పలేదు.

నాతో కలిపి ఒకటో తరగతిలో చేరినవాళ్లం పదకొండు మందిమి. పదో తరగతి పరీక్ష రాసింది ముగ్గురం. గృహప్రవేశం నాడు మేడ మీద కూర్చుని తలలూపింది ఆ ముగ్గురి లాంటివాళ్లమే. మిగతా ఎనిమిది మందిలో ఒకడు అదే రోజు కింద వంట దగ్గర ఉన్నాడు, గాడిపొయ్యి మీద సాంబారు కలుపుతూ. వాణ్ని అడిగితే ఏమంటాడో తెలియదు. మేం అడగలేదు.

సరే, ప్రభుత్వాలు ఏం చేశాయి? చేయలేదని అనలేం. 1986 విద్యావిధానం వచ్చింది. మరుసటేడు ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అన్నారు. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాళ్లలో ఒకరు మహిళ. మా ఊరికి రెండో గది వచ్చేసరికి నేను హైస్కూలు దాటిపోయాను. రెండో టీచరుగా ఒక 398 ఆయన వచ్చారు. ఈ తరం వాళ్లకు చెప్పాలి, ఆ రోజుల్లో స్పెషల్ టీచర్లని నెలకు 398 రూపాయల జీతానికి తీసుకునేవాళ్లు. మనిషి పేరే 398 అయిపోయింది. ఆయన మా ఊళ్లోనే కాపురం పెట్టారు. ఆ నాలుగైదేళ్లు బడి రైలును బట్టి నడవలేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలని అందులో స్పష్టంగా ఉంది. అరవై లోపు ఎంతమంది ఉన్నా ఇద్దరే. పదిమంది ఉంటే ఒకరు చాలని అందులో లేదు. మరి కేంద్రం 2024-25కు ఇచ్చిన లెక్కల్లో దేశం మొత్తం మీద ఒకే టీచరున్న బళ్లు లక్ష దాటాయి. రాష్ట్రాల వారీగా చూస్తే అందరికన్నా పైన మనమే ఉన్నాం, 12,912. ఉత్తరప్రదేశ్ కూడా మన తర్వాతే.

ఈ మధ్యలో 2022లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గరి హైస్కూళ్లలో కలిపారు. మూడేళ్లకు, 2025లో, దాన్ని తీసేశారు. ఏ ప్రభుత్వం మంచిదనే గొడవలోకి నేను దిగను, దాని కోసం టీవీలున్నాయి. మా ఊళ్లో జరిగింది మాత్రం చెబుతాను, ఎందుకంటే అది నా వాదనకు కొంత అడ్డం కూడా వస్తుంది.

అక్క మనవరాలు అప్పుడు మూడో తరగతి. పక్క ఊరి హైస్కూలులో వేశారు. మ్యాపులో కిలోమీటరు లోపే. కానీ మధ్యలో హైవే ఉంది. మ్యాపు మీద గీత గీసినవాళ్లు హైవే దాటలేదు. పిల్లను దాటించడానికి అక్క పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నడిచింది, మోకాళ్ల నొప్పులతో. మామిడికాయల లారీలు తిరిగే జూన్, జూలై నెలల్లో ఇంకా కష్టం. వాన పడితే ఆ రోజు బడి లేనట్టే. అయితే అక్కడ లెక్కలకు వేరే సారు ఉన్నారు. ఐదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల భిన్నాల కూడికలు నీళ్లు తాగినంత సులువుగా చేసేది. సంఘం పుస్తకంలో అరపావులూ ముప్పాతికలూ ఇప్పుడు ఆ పిల్లే అంకెల్లో వేస్తుంది. అక్కను అడిగాను, ఊళ్లో బడే బాగుండె కదా అని. "బడి దూరమైతే కాళ్లు నొస్తాయి, సార్లు లేకపోతే సదువు రాదు. కాళ్లకు తైలం ఉండాది" అంది. ఆ మాటకు నా దగ్గర తిరుగు లేదు.

తైలం రాసుకోవడానికి నాయనమ్మ ఉన్న ఇల్లు కాబట్టి సరిపోయింది. అదే వీధిలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు హైవే దాటించేవాళ్లు లేక మూడో తరగతి ఏడాదిలో సగం రోజులు బడికి పోలేదు, కాయల కాలంలో తోపుల్లో మామిడికాయలు ఏరారు. దూరమా, టీచరా, రెంట్లో ఒకటే ఇస్తాం ఎంచుకోండి అంటే పల్లె ఎట్లా ఎంచుకుంటుంది?

ఇద్దరు టీచర్లు ఊళ్లోనే ఉండాలి, పిల్లలు ఎంతమంది ఉన్నా సరే. నేననేది ఇదే. మా బ్యాంకులో ఒక కుర్రవాడు దీనికి నవ్వాడు. "మీ ఊరి బడిలో ఉన్న పద్నాలుగు మందికి ఇద్దరా సార్? జీతాలు దండగ కాదా?" అన్నాడు. ఎన్నికల సంఘం లెక్క చెప్పాను. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదని వాళ్ల రూలు. గుజరాత్‌లో గిర్ అడవి లోపల ఒక్క ఓటరు కోసం బూత్ పెట్టి, సిబ్బంది మొత్తాన్ని పంపించారు. దాన్ని ఎవరూ దండగ అనలేదు, పేపర్లలో ఫొటోలు వేసి మెచ్చుకున్నారు. ఆ బూతుల్లో కూర్చునేది ఎవరు? ఎక్కువగా ఈ టీచర్లే. ఐదేళ్లకొకసారి వేసే ఓటుకు మనిషి ఉన్న చోటికి సర్కారు వస్తుంది. రోజూ చదివే చదువుకు పిల్ల సర్కారు ఉన్న చోటికి పోవాలి.

ఒకే గదిలో ఐదు తరగతులు కూర్చోవడం తప్పని నేననడం లేదు. దాన్ని బాగా చేసి చూపించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ గురించి అందరికీ తెలుసు, పెద్ద స్కూలు, దూర దూరాల నుంచి పిల్లలు వచ్చి చదువుతారు. దాని చుట్టుపక్కల పల్లెల్లో అదే సంస్థ నడిపే చిన్న బళ్ల గురించి మాత్రం మన పాత చిత్తూరు జిల్లాలోనే చాలామందికి తెలియదు. పద్మనాభరావు, రమ దంపతులు ఎనభైల చివరినుంచి ఆ బళ్ల మీద పనిచేశారు. పాఠాలన్నీ చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద నిచ్చెన లాంటి పటం ఉంటుంది. ప్రతి పిల్లా తను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని, తర్వాతి కార్డు తనే తీసుకుంటుంది. కొన్ని కార్డులు టీచరు దగ్గర, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా చేసేవి. ఇది కర్ణాటకలో నలి-కలి అనే బోధన పద్ధతి అయింది, తమిళనాడులో సర్కారు బళ్లకంతా పోయింది. మన దగ్గర పుట్టి, మనం తప్ప పక్కవాళ్లు బాగా వాడుకున్న వాటిలో ఇదొకటి.

లోను తనిఖీకి కురబలకోట వైపు పోయినప్పుడు ఒకసారి ఆ బడి ఒకటి చూశాను. మా బడి లాగే ఒకే గది, అన్ని వయసుల పిల్లలు. ఒక పెద్దపిల్ల చిన్నవాడికి కార్డు చదివి చెబుతోంది. నాకు ఒక్క క్షణం అక్క కనిపించింది. చిన్నవాడి పని అయిపోగానే ఆ పిల్ల లేచి గోడ దగ్గరికి పోయి, నిచ్చెన మీద వేలు పెట్టి తన బొమ్మ వెతుక్కుని, తన కార్డు తీసుకుని కూర్చుంది. మా బడిలో లేనిది అదే. అక్క ఎక్కడ ఆగిపోయిందో చెప్పే పటం మా గోడ మీద లేదు. ఆమె మంచి పిల్ల, చురుకైన పిల్ల, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు గుక్క తిప్పుకోకుండా పద్యం చెప్పే పిల్ల. అట్లాంటి పిల్ల వెనకబడిందని ఎవరికి అనుమానం వస్తుంది?

ఈ వ్యాసం మొదలుపెట్టాక, పోయిన నెల ఒకరోజు మా ఊరి బడికి పోయాను. పాత రాతిగది పడిపోయింది. కానగచెట్టు ఉంది. కొత్త గదికి టైల్స్, గోడలకు బొమ్మలు, నీళ్లకు కుళాయి ఉన్నాయి, ఎవరైనా తిప్పుకోవచ్చు. ఇవన్నీ మా రోజుల్లో లేనివే, కళ్లకు ఇంపుగా ఉన్నాయి. పద్నాలుగు మంది పిల్లలు, ఒక మేడమ్. చంద్రగిరి నుంచి బస్సులో వస్తారట. నన్ను కూర్చోమని కుర్చీ వేశారు. ఇంతలో వంటామె గుడ్లు తెచ్చింది. మేడమ్ ఫోన్ తీసుకుని వాటి ఫొటో తీయడానికి బయటకు పోయారు. యాప్‌లో ఎక్కించాలి, లోపల సిగ్నల్ రాదు, కట్ట దాకా పోవాలి. పోతూ పోతూ ఐదో తరగతి పిల్లతో "కొంచెం చూస్తుండమ్మా" అన్నారు.

ఆ పిల్ల నోట్‌బుక్‌లో లెక్క సగంలో ఉంది. పెన్సిల్ పేజీ మధ్యలో పెట్టి మూసి, చిన్నపిల్లల వరుసలోకి పోయి కూర్చుంది. ఒకడి చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించడం మొదలుపెట్టింది. నేను కుర్చీలోంచి లేచి పోయి, "నువ్వు నీ లెక్క చేసుకో నాయినా, వీళ్లను నేను చూస్తాలే" అన్నాను.

ఆ పిల్ల నన్ను కింద నుంచి పైకి చూసింది.

"మీకు రాదు సార్," అంది. "వీళ్లు నేను చెప్తేనే వింటారు."